లోతుకు చేరినంత మాత్రాన సముద్రం తెలియదు

1960 జనవరి 23న జాక్ పికార్, డాన్ వాల్ష్ అనే ఇద్దరు ‘ట్రియెస్ట్’ అనే వాహనంలో పసిఫిక్ మహాసముద్రంలోని మరియానా అగాధం అడుగుకు దిగారు. భూమి మీద అంతకన్నా లోతైన చోటు లేదు. అక్కడ నీటి లోతు దాదాపు 10,900 మీటర్లు. దిగడానికి ఐదు గంటలకు దగ్గరగా పట్టింది. తొమ్మిది వేల మీటర్లు దాటాక కిటికీ బయటి పలక ఒకటి పగిలి వాహనమంతా అదిరింది. అయినా వెనక్కి తిరగలేదు. అడుగున ఉన్నది మాత్రం ఇరవై నిమిషాలే. వాహనం ఆనగానే మెత్తటి బురద లేచి కిటికీని కమ్మేసింది. ఒక్క ఫొటో కూడా తీయలేకపోయారు.

అడుగున ఒక బల్లపరుపు చేప కనిపించిందని పికార్ చెప్పాడు. ఆ మాట దశాబ్దాల పాటు చెలామణి అయింది. ఇప్పుడు దాన్ని నమ్మే జీవశాస్త్రవేత్తలు అరుదు. కారణం చేప శరీర రసాయనంలోనే ఉంది. పీడనం పెరిగేకొద్దీ కణాల్లోని ప్రోటీన్ల ఆకృతి దెబ్బతింటుంది. దాన్ని కాపాడుకోవడానికి లోతు చేపలు ట్రైమిథైలమైన్ ఆక్సైడ్ అనే పదార్థాన్ని ఒంట్లో పోగుచేసుకుంటాయి. ఎంత లోతున బతికితే అంత ఎక్కువ కావాలి. అది పెరిగేకొద్దీ ఒంట్లోని ద్రవాల గాఢత కూడా పెరుగుతుంది. 8,200 మీటర్లు దాటేసరికి ఆ గాఢత చుట్టూ ఉన్న ఉప్పునీటితో సమానమవుతుంది. అక్కడితో ఆ ఉపాయానికి కాలం చెల్లినట్టే, ఎందుకంటే ఇంకా కిందికి పోతే బయటి నీరు ఒంట్లోకి చొరబడడం మొదలవుతుంది. 2022లో జపాన్ దగ్గరి ఇజు-ఒగసవర అగాధంలో 8,336 మీటర్ల లోతున ఒక స్నెయిల్‌ఫిష్ కెమెరాకు చిక్కింది. లెక్క చెప్పిన హద్దుకు అది దాదాపు అంచునే ఉంది. పికార్ చూసింది బహుశా వెన్నెముక లేని వేరే జీవి అయి ఉంటుంది.

సముద్రాన్వేషణ గురించి రాసే చాలామంది ఆ దిగుడులోని సాహసాన్ని మెచ్చుకుని ఊరుకుంటారు. నిజానికి అది చెప్పే సంగతి వేరు. అగాధం అడుగుకు చేరడం అరవై ఐదేళ్ల కిందటే అయిపోయింది. అక్కడ నిలబడి చూడడం, చూసినదాన్ని రుజువు చేయడం, మళ్లీ అదే చోటికి వచ్చి ఏం మారిందో గమనించడం మాత్రం ఇప్పటికీ అరుదుగానే జరుగుతోంది. లోతు పెద్ద అడ్డంకే కానీ దాన్ని దాటే దారి దొరికింది. దొరకనిది విస్తీర్ణానికీ కాలానికీ సరిపడే పరిశీలన.

విస్తీర్ణం సంగతి ముందు చూద్దాం. 200 మీటర్ల కింద ఉన్నదంతా లోతు సముద్రం కిందికే వస్తుంది. ఆ లెక్కన భూగోళం ఉపరితలంలో సుమారు మూడింట రెండు వంతులు లోతు సముద్రపు అడుగే. మహాసముద్రాల సగటు లోతు దాదాపు 3,700 మీటర్లు. వెయ్యి మీటర్లు దాటాక సూర్యకాంతి ఛాయ కూడా ఉండదు. 1958 నుంచి జరిగిన దాదాపు 44 వేల లోతు పరిశీలనల రికార్డులను పోగుచేసి 2025లో ఒక అధ్యయనం వెలువడింది. మనిషి కళ్లతో గానీ కెమెరాతో గానీ నేరుగా చూసింది ఆ అడుగులో సుమారు 0.001 శాతమేనని అది తేల్చింది. మొత్తం కలిపినా నాలుగు వేల చదరపు కిలోమీటర్లకు చేరదు. అందులోనూ దాదాపు 30 శాతం 1980కి ముందు నాటిది, ఎక్కువగా మసకబారిన నలుపు తెలుపు ఫొటోలు.

చూడడం వేరు, కొలవడం వేరు. పటం తయారీలో పరిస్థితి కాస్త మెరుగు. 2030 నాటికి ప్రపంచ సముద్రపు అడుగంతటికీ పటం గీయాలని 2017లో ‘సీబెడ్ 2030’ అనే అంతర్జాతీయ ప్రయత్నం మొదలైంది. అప్పటికి తగినంత వివరంగా కొలిచింది 6 శాతమే. 2025 మధ్యకు అది 27.3 శాతానికి చేరింది. పెరుగుదలలో కొంత కొత్త సర్వేల వల్ల వచ్చింది. కొంత ఎప్పుడో కొలిచి, దేశాలూ సంస్థలూ తమ బీరువాల్లో పెట్టుకున్న సమాచారం బయటికి రావడం వల్ల వచ్చింది. గడువు నాటికి పని పూర్తవుతుందని ఈ అంకెలు చూసి అనుకోలేం.

చంద్రుడి పటం, అంగారకుడి పటం సముద్రపు అడుగు పటం కన్నా మెరుగ్గా ఉన్నాయన్న మాట అందరూ వినే ఉంటారు. అందులో మనిషి నిర్లక్ష్యం కన్నా భౌతికశాస్త్రం పాలే ఎక్కువ. శుక్ర గ్రహాన్ని దట్టమైన మేఘాలు కప్పేసి ఉంటాయి. అయినా 1990లలో మెజెల్లాన్ అంతరిక్ష నౌక రేడార్‌తో ఆ మేఘాలను చీల్చుకుని గ్రహంలో దాదాపు 98 శాతాన్ని పటంలోకి ఎక్కించింది. రేడార్ తరంగాలు మేఘాన్ని దాటతాయి, ఉప్పునీటిని దాటలేవు. వెలుతురు కొన్ని వందల మీటర్లలోనే ఇంకిపోతుంది. ఇక మిగిలింది శబ్దం. నీటిలో అది సెకనుకు సుమారు 1,500 మీటర్ల వేగంతో వెళ్తుంది. ఓడ కింది నుంచి ఒకేసారి అనేక శబ్ద కిరణాలను అడుగుకు పంపి, అవి తిరిగొచ్చే సమయాన్ని బట్టి లోతు లెక్కగట్టడమే నేటి సోనార్ పద్ధతి. ఇందులోనూ ఒక చిక్కుంది. ఒక డిగ్రీ వెడల్పున్న శబ్ద కిరణం నాలుగు కిలోమీటర్ల కిందికి చేరేసరికి దాదాపు 70 మీటర్ల మేర పరుచుకుంటుంది. అంతకన్నా చిన్న వివరం ఓడ మీద ఉన్నవాళ్లకు అందదు. అందాలంటే పరికరమే కిందికి దిగాలి.

ఉపగ్రహాలు చేసేది ఇంకో పద్ధతి. సముద్రం అడుగున ఉన్న పర్వతం తన గురుత్వాకర్షణతో చుట్టూ ఉన్న నీటిని తన వైపు లాక్కుంటుంది. దాంతో పైన నీటిమట్టం స్వల్పంగా ఉబ్బుతుంది. రెండు వేల మీటర్ల ఎత్తున్న పర్వతం మీద ఆ ఉబ్బు రెండు మీటర్ల దాకా ఉండవచ్చు. ఆ తేడాను అంతరిక్షం నుంచి కొలిచి కింద ఏముందో ఊహిస్తారు. ప్రపంచ పటాల్లో నీలి రంగులో కనిపించే గట్లు, లోయల్లో ఎక్కువ భాగం ఈ ఊహల వల్ల వచ్చినవే. కొన్ని కిలోమీటర్ల కన్నా చిన్న రూపాలు అందులో పడవు.

ఆ ఖాళీలకు మనుషులు మూల్యం చెల్లించిన సందర్భాలున్నాయి. 2005 జనవరి 8న అమెరికా అణు జలాంతర్గామి ‘శాన్ ఫ్రాన్సిస్కో’ గువామ్ దీవికి దక్షిణాన పూర్తి వేగంతో వెళ్తూ పటంలో లేని సముద్ర పర్వతాన్ని ఢీకొట్టింది. ఒక నావికుడు మరణించాడు, దాదాపు వందమంది గాయపడ్డారు. 2014 మార్చిలో అదృశ్యమైన మలేసియా విమానం ఎం.హెచ్.370 కోసం హిందూ మహాసముద్రంలో 1,20,000 చదరపు కిలోమీటర్లు గాలించారు. వెతకడానికి ముందు అసలు అక్కడ కొండలు ఎక్కడున్నాయో, లోయలు ఎక్కడున్నాయో తెలుసుకోవడానికే ప్రత్యేకంగా సర్వే చేయాల్సి వచ్చింది. ఆ గాలింపులో ఎన్నడూ చూడని అగ్నిపర్వతాలు, పాత ఓడల శిథిలాలు బయటపడ్డాయి, విమానం దొరకలేదు. 2009లో అట్లాంటిక్‌లో కూలిన ఎయిర్ ఫ్రాన్స్ విమానం ఎక్కడ పడిందో చాలావరకు తెలుసు. అయినా 3,900 మీటర్ల లోతున దాని శిథిలాలను పట్టుకోవడానికి దాదాపు రెండేళ్లు పట్టింది.

పటం ఎంత దూరం తీసుకెళ్తుందో తెలియాలంటే మేరీ థార్ప్ కథ చాలు. 1950ల మొదట్లో ఆమె కొలంబియా విశ్వవిద్యాలయంలో పనిచేసేది. పరిశోధన ఓడల మీదికి ఆడవాళ్లను ఎక్కనిచ్చేవారు కాదు. సహోద్యోగి బ్రూస్ హీజెన్ సముద్రం మీది నుంచి పంపే లోతు కొలతలను ఆమె ఒడ్డున బల్ల దగ్గర కూర్చుని కాగితం మీద గీసేది. అట్లాంటిక్ మధ్యగా సాగే పర్వతశ్రేణి నడినెత్తిన ఒక లోయ ఉందని ఆ గీతల్లో ఆమెకు కనిపించింది. భూమి అక్కడ రెండుగా విడిపోతోందని దాని అర్థం. ఖండాలు కదులుతాయన్న వాదాన్ని అప్పట్లో చాలామంది శాస్త్రవేత్తలు వెటకారంగా చూసేవారు. హీజెన్ దాన్ని ‘ఆడవాళ్ల కబుర్లు’ అని తీసిపారేశాడు. పక్క బల్ల మీద ఇంకొకరు గీస్తున్న భూకంప కేంద్రాల పటాన్ని దీని మీద పెట్టి చూస్తే, కేంద్రాలన్నీ ఆ లోయ వెంబడే వరుసకట్టాయి. హీజెన్ ఒప్పుకోక తప్పలేదు. భూఫలకాల సిద్ధాంతం నిలదొక్కుకోవడానికి ఆ పటాలు గట్టి ఆధారమయ్యాయి. థార్ప్ మాత్రం 1968లో గానీ పరిశోధన ఓడ ఎక్కలేదు.

ఇక పీడనం. ప్రతి పది మీటర్లకు ఒక వాతావరణ పీడనం చొప్పున పెరుగుతుంది. మరియానా అడుగున అది దాదాపు 1,100 వాతావరణ పీడనాలు, అంటే ప్రతి చదరపు సెంటీమీటరు మీద ఒక టన్నుకు పైగా బరువు. దీన్ని తట్టుకోవడానికి గోళాన్ని మించిన ఆకారం లేదు, ఒత్తిడి అన్ని వైపులా సమానంగా పంచుకుంటుంది కాబట్టి. ట్రియెస్ట్‌లో ఇద్దరూ కూర్చున్నది సుమారు 13 సెంటీమీటర్ల మందమున్న ఉక్కు గోళంలో. దాని పైన తేలడానికి పెద్ద తొట్టె నిండా పెట్రోలు ఉండేది. పెట్రోలు నీటికన్నా తేలిక, పీడనానికి గాలిలా నలిగిపోదు. దిగడానికి బరువుగా ఇనుప గుళ్లు వాడారు. ఆ గుళ్లను విద్యుదయస్కాంతాలు పట్టుకుని ఉంచేవి. కరెంటు పోతే గుళ్లు వాటంతటవే జారిపోతాయి, వాహనం పైకి తేలుతుంది. లోతు వాహనాల రూపకల్పనలో ఇంతకన్నా తెలివైన ఏర్పాటు వెతికినా దొరకదు. చెడిపోయే ప్రతి భాగమూ మనిషిని పైకే పంపాలన్నది అందులోని సూత్రం.

ఇప్పుడు ఉక్కు స్థానంలో టైటానియం, పెట్రోలు స్థానంలో సూక్ష్మమైన గాజు బుడగలు దట్టించిన గట్టి నురుగు వచ్చాయి. 2012లో జేమ్స్ కామెరాన్ ఒంటరిగా, 2019 నుంచి అమెరికా అన్వేషకుడు విక్టర్ వెస్కోవో పలుమార్లు, 2020లో ముగ్గురు ప్రయాణికులతో చైనా వాహనం ‘ఫెన్‌డౌజె’ అదే అగాధానికి దిగి వచ్చాయి. అలాగని సముద్రం లొంగిందని కాదు. మనిషి లేకుండా 11 కిలోమీటర్ల లోతుకు దిగిన జపాన్ రోబో ‘కైకో’ 2003లో తీగ తెగి గల్లంతైంది. అంతే లోతు చూసిన అమెరికా రోబో ‘నెరియస్’ 2014లో కెర్మడెక్ అగాధంలో 9,900 మీటర్ల దగ్గర పీడనానికి నలిగి ముక్కలైంది. 2023 జూన్‌లో టైటానిక్ శిథిలాలు చూడడానికి వెళ్లిన ‘టైటాన్’ ఐదుగురితో సహా నలిగిపోయింది. ఆ వాహనానికి స్వతంత్ర సంస్థల భద్రతా ధ్రువీకరణ లేదు. మనుషులు కూర్చునే భాగం కార్బన్ ఫైబర్ పీపా. ఆ ప్రమాదాన్ని నివారించి ఉండవచ్చని అమెరికా తీర రక్షక దళం విచారణ 2025లో తేల్చింది. దాన్ని సముద్రం క్రూరత్వానికి ఉదాహరణగా చూపడం సరికాదు. తెలిసిన ఇంజినీరింగ్‌ను పక్కన పెట్టడం వల్ల జరిగింది అది.

పీడనం జీవుల గురించిన మన ఊహల్ని కూడా వక్రీకరిస్తుంది. ప్రపంచంలోకెల్లా అందవికారమైన జంతువుగా 2013లో ఓట్లు తెచ్చుకున్న బ్లాబ్‌ఫిష్‌నే చూడండి. జారిపోయిన ముఖం, వేలాడే ముక్కు దాని సహజ రూపాలు కావు. వందల మీటర్ల లోతున అది మామూలు చేపలాగే ఉంటుంది. వలలో పైకి లాగినప్పుడు పీడనం తగ్గి ఒళ్లు సడలిపోతే వచ్చిన ఆకారానికి లోకమంతా నవ్వింది. బయటికి తీసి చూసే పద్ధతిలో ఇలాంటి పొరపాట్లు ఎన్ని దాగి ఉన్నాయో.

అసలు అడుగున జీవమే లేదని నమ్మిన కాలం ఒకటుంది. 1843లో ఎడ్వర్డ్ ఫోర్బ్స్ అనే ప్రకృతి శాస్త్రవేత్త 550 మీటర్ల కింద ప్రాణి బతకదని ప్రతిపాదించాడు. ఆయన వల వేసి చూసింది ఏజియన్ సముద్రంలో. అది సహజంగానే జీవులు తక్కువగా ఉండే చోటు. ఒక్క చోట చూసి లోకమంతటికీ తీర్పు చెప్పాడన్నమాట. 1860లో మధ్యధరా సముద్రంలో రెండు వేల మీటర్ల లోతున తెగిన టెలిగ్రాఫ్ తీగను మరమ్మతుకు పైకి లాగితే, దానికి పగడాల వంటి జీవులు అంటుకుని పెరిగి ఉన్నాయి. తర్వాత 1872 నుంచి 1876 వరకు ‘ఛాలెంజర్’ ఓడ ప్రపంచమంతా తిరిగి నాలుగు వేలకు పైగా కొత్త జాతులను వెలికి తెచ్చాక ఆ వాదం పూర్తిగా మూలపడింది.

అంతకన్నా పెద్ద దెబ్బ 1977 ఫిబ్రవరిలో తగిలింది. గాలపాగోస్ దీవుల దగ్గర 2,500 మీటర్ల లోతున వేడినీటి బుగ్గలు ఉండవచ్చని భూగర్భ శాస్త్రవేత్తలు ‘ఆల్విన్’ అనే లోతు వాహనంలో వెతుక్కుంటూ వెళ్లారు. బుగ్గలు దొరికాయి. వాటి చుట్టూ పెద్ద పెద్ద ఆల్చిప్పలు, పీతలు, తెల్లటి గొట్టాల్లోంచి ఎర్రటి కొనలు చాచిన పురుగులు గుంపులు గుంపులుగా కనిపించాయి. ఓడ మీద ఒక్క జీవశాస్త్రవేత్త కూడా లేడు. జీవుల్ని నిల్వచేసే ద్రావణం కూడా చాలినంత లేదు. చివరికి కొన్ని నమూనాలను వోడ్కాలో ముంచి ఒడ్డుకు తెచ్చారు.

ఆ గొట్టపు పురుగులు రెండు మీటర్ల దాకా పెరుగుతాయి. వాటికి నోరు లేదు, పేగు లేదు, మరి తినేదేమిటి? 1980లో హార్వర్డ్‌లో ఒక ఉపన్యాసంలో పురుగు ఒంట్లో గంధకపు స్ఫటికాలున్నాయని వక్త చెబుతుండగా, కాలీన్ కావనా అనే విద్యార్థిని లేచి నిలబడింది. ఆ పురుగులో బ్యాక్టీరియా కాపురముండి ఉండాలనీ, అవి బుగ్గలోంచి వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ నుంచి శక్తి తీసి ఆహారం తయారుచేసి పురుగుకు పెడుతున్నాయనీ ఆమె వాదన. మరుసటి ఏడాది రుజువులతో ప్రచురించింది. పాఠ్యపుస్తకాలన్నీ ఆహారపు గొలుసుకు మొదట్లో సూర్యుణ్ని పెడతాయి. అక్కడ మాత్రం ఆ స్థానంలో రాతి లోంచి వచ్చే రసాయనం ఉంది. 1979లో మరో చోట నల్లటి పొగలా నీరు చిమ్మే బుగ్గలు కనిపించాయి. ఉష్ణోగ్రత కొలవబోతే కడ్డీ ప్లాస్టిక్ కరిగిపోయింది. నీరు 350 డిగ్రీల దాకా ఉన్నా, ఆ పీడనంలో మరగదు. ఆల్విన్ కిటికీలు కూడా ప్లాస్టిక్‌వే అన్న సంగతి ఇక్కడ గుర్తుచేయాలి. జీవం పుట్టుక ఇలాంటి చోట్లే జరిగి ఉండవచ్చన్న ఊహ, గురు, శని గ్రహాల మంచు ఉపగ్రహాల్లో జీవం వెతకాలన్న ఆలోచన బలపడింది ఆ ప్రయాణాల తర్వాతే.

ఆల్విన్ గురించి ఇంకో ముచ్చట ఉంది. 1968లో అది తీగ తెగి 1,500 మీటర్ల లోతున మునిగిపోయింది. లోపలి వాళ్లు బయటపడ్డారు, మధ్యాహ్న భోజనం మాత్రం లోపలే ఉండిపోయింది. పది నెలల తర్వాత పైకి తీస్తే సాండ్‌విచ్‌లు, ఆపిళ్లు తడిసినా చెడలేదు. పైకి తెచ్చి ఫ్రిజ్‌లో పెడితే కొన్ని వారాల్లో కుళ్లాయి. చలి, పీడనం కలిసి అక్కడి సూక్ష్మజీవుల పనిని ఎంతగా నెమ్మదింపజేస్తాయో అలా అనుకోకుండా బయటపడింది. పై నీటిలో పుట్టిన సేంద్రియ పదార్థంలో కొంత అడుగుకు రాలుతుంది. అది అక్కడ ఎంత నెమ్మదిగా కుళ్లితే అందులోని కార్బన్ గాలిలోకి తిరిగి రావడానికి అంత ఆలస్యమవుతుంది.

వాతావరణ మార్పు లెక్కలు లోతు సముద్రంతో ముడిపడేది ఇక్కడే. భూమి మీద పోగవుతున్న అదనపు వేడిలో 90 శాతానికి పైగా సముద్రాలే మింగుతున్నాయి. మనిషి వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో సుమారు నాలుగో వంతు కూడా వాటిలోకే పోతోంది. ఈ వేడిని కొలవడానికి ‘ఆర్గో’ కార్యక్రమం కింద దాదాపు నాలుగు వేల తేలే పరికరాలు ప్రపంచమంతటా తిరుగుతున్నాయి. వాటిలో అత్యధికం 2,000 మీటర్ల దాకానే దిగుతాయి. సముద్రంలోని నీటిలో దాదాపు సగం అంతకన్నా కిందనే ఉంది. ఆరు వేల మీటర్ల దాకా దిగే కొత్త రకం పరికరాలు వచ్చాయి కానీ వాటి సంఖ్య ఇంకా చాలా తక్కువ.

భూకంపాల సంగతీ అంతే. 2011లో జపాన్‌ను ముంచిన సునామీకి కారణమైన పగులులో అడుగు దాదాపు 50 మీటర్లు జారింది. అంతగా ఎందుకు జారిందో తెలుసుకోవడానికి మరుసటి ఏడాది ‘చిక్యూ’ ఓడ దాదాపు ఏడు కిలోమీటర్ల నీటి కింద ఆ పగులులోకే రంధ్రం వేసింది. అక్కడ దొరికింది జారుడు స్వభావమున్న పలుచటి బంకమట్టి పొర. అంచు దగ్గర ఫలకం అంత దూరం జారదని అంతకు ముందు చాలామంది అనుకున్నారు.

ఇదంతా తెలుసుకోవాల్సిన తొందర ఇప్పుడే ఎందుకు వచ్చిందంటే, అడుగును తవ్వాలనుకునేవాళ్లు సిద్ధంగా ఉన్నారు కాబట్టి. హవాయికీ మెక్సికోకూ మధ్య క్లారియన్–క్లిప్పర్టన్ ప్రాంతంలో నాలుగు నుంచి ఆరు వేల మీటర్ల లోతున, బంగాళాదుంపల పరిమాణంలో నల్లటి ఖనిజపు ముద్దలు పరుచుకుని ఉన్నాయి. మాంగనీసు, నికెల్, రాగి, కోబాల్ట్ వాటిలో ఉన్నాయి. ఒక ముద్ద పది లక్షల ఏళ్లకు కొన్ని మిల్లీమీటర్లు పెరుగుతుంది. వీటి మీద 1970లలో లోకం ఆసక్తి రేగడానికి ఒక విచిత్ర కారణం కూడా ఉంది. 1968లో మునిగిన సోవియట్ జలాంతర్గామి కె-129ని రహస్యంగా పైకి లాగడానికి అమెరికా గూఢచారి సంస్థ ‘గ్లోమార్ ఎక్స్‌ప్లోరర్’ అనే పెద్ద ఓడ కట్టించింది. ఆ ఓడ సముద్రం అడుగున ఖనిజాలు తవ్వడానికేనని ప్రచారం చేసింది. ప్రచారం అబద్ధమైనా, అది రేపిన ఆశ నిజమైపోయింది.

తవ్వాలనేవారి వాదనలో పస లేకపోలేదు. బ్యాటరీలకు లోహాలు కావాలి, నేల మీద గనులు అడవుల్నీ నదుల్నీ జనాన్నీ దెబ్బతీస్తాయి. అయితే నికెల్, కోబాల్ట్ అక్కర్లేని బ్యాటరీలు ఇప్పటికే విరివిగా వాడుకలో ఉన్నాయి. నేల మీద ఒక గని మూతపడుతుందన్న హామీ కూడా ఎవరూ ఇవ్వలేదు. అవతలి వైపు నష్టం సంగతి కొంతైనా కళ్ల ముందుంది. 1989లో పెరూ తీరానికి దూరంగా జర్మన్ శాస్త్రవేత్తలు నాగలి లాంటి పరికరంతో అడుగును దున్ని వదిలేశారు. 26 ఏళ్ల తర్వాత వెళ్లి చూస్తే చాళ్లు చెక్కుచెదరలేదు, దున్నిన చోట సూక్ష్మజీవుల చురుకుదనం ఇంకా కోలుకోలేదు. క్లారియన్–క్లిప్పర్టన్‌లో 1979లో జరిగిన తవ్వకం ప్రయోగం జాడలు నాలుగు దశాబ్దాల తర్వాత కూడా స్పష్టంగా కనిపించాయి. కొన్ని చిన్న జీవులు తిరిగి చేరాయి, అన్నీ చేరలేదు. ముద్దను పట్టుకుని బతికే జీవులకైతే ముద్ద పోయాక ఇల్లే ఉండదు.

హిందూ మహాసముద్రపు వేడినీటి బుగ్గల దగ్గర పొలుసుల పాదమున్న నత్త ఒకటి బతుకుతుంది. దాని పాదం మీది పొలుసులకు ఇనుప సల్ఫైడ్ పూత ఉంటుంది. ఇనుప కవచం తొడుక్కున్న జంతువు ఇంకోటి తెలియదు. 2019లో దాన్ని అంతరించే ప్రమాదమున్న జాతిగా ప్రకటించారు. లోతు సముద్రపు తవ్వకం ముప్పు కారణంగా ఆ జాబితాకెక్కిన తొలి జీవి అదే. వాణిజ్య తవ్వకం ఇంకా మొదలే కాలేదు.

ఏ దేశానికీ చెందని సముద్రపు అడుగు మానవాళి ఉమ్మడి వారసత్వమని 1982 నాటి సముద్ర చట్ట ఒప్పందం చెబుతుంది. దాని పాలనకు 1994లో జమైకాలోని కింగ్‌స్టన్ కేంద్రంగా అంతర్జాతీయ సముద్రగర్భ సంస్థ ఏర్పడింది. వెతకడానికి అనుమతులు ఇచ్చింది కానీ, తవ్వడానికి నియమాలు ఇంకా ఖరారు కాలేదు. 2021లో నౌరు దేశం ఒప్పందంలోని ఒక నిబంధనను వాడుకుని ఆ నియమాలు ఖరారు చేయడానికి రెండేళ్ల గడువు పెట్టింది. ఆ గడువు 2023 జులైలో దాటిపోయింది. ముప్పైకి పైగా దేశాలు ఆగమంటున్నాయి. ఆ ఒప్పందంలో భాగస్వామి కాని అమెరికా 2025 ఏప్రిల్‌లో సొంత చట్టం కింద అనుమతులిచ్చే దారి తెరిచింది. సముద్రాల్లోని జీవవైవిధ్య రక్షణకు కుదిరిన మరో ఒప్పందం 2026 జనవరిలో అమల్లోకి వచ్చింది.

తగవులో శాస్త్రం కూడా తేలని చోటే ఉంది. ఖనిజపు ముద్దలు వెలుతురు లేకుండానే ఆక్సిజన్ పుట్టిస్తున్నాయని 2024లో ఒక పరిశోధన బృందం ప్రకటించింది. అది కొలతల పొరపాటని మరికొందరు శాస్త్రవేత్తలు, ఒక తవ్వకం సంస్థ వాదిస్తున్నారు. ఎవరిది సరో తేలాలంటే మళ్లీ నాలుగు కిలోమీటర్ల కిందికి వెళ్లి కొలవాలి. ఓడకు రోజుకు పదుల వేల డాలర్ల ఖర్చు. ఆల్విన్ లాంటి వాహనం దిగడానికీ ఎక్కడానికీ గంటలు పోగా అడుగున మిగిలేది సగం పని దినమే. ముందు చెప్పిన 2025 అధ్యయనం ప్రకారం లోతు పరిశీలనల్లో 97 శాతం అమెరికా, జపాన్, న్యూజిలాండ్, ఫ్రాన్స్, జర్మనీ చేసినవే. ఈ అయిదు దేశాలు ఎక్కడికి వెళ్లాలనుకుంటే ప్రపంచానికి లోతు సముద్రం అంతమేర తెలిసింది.

కాలం విషయానికొస్తే, ఒకే చోటును ఏళ్ల తరబడి చూస్తూ ఉన్న కేంద్రాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. కాలిఫోర్నియా తీరానికి దూరంగా 4,000 మీటర్ల లోతున్న ‘స్టేషన్ ఎం’ వాటిలో ఒకటి, 1989 నుంచి నడుస్తోంది. అడుగుకు ఆహారం సన్నటి జల్లులా ఎప్పుడూ ఒకే తీరుగా రాలుతుందని మొదట్లో అనుకున్నారు. రికార్డు పెరిగేకొద్దీ కనిపించింది వేరు. ఎన్నో ఏళ్లు కొద్దికొద్దిగా రాలి, ఏదో ఒక ఏడాది, 2012లో జరిగినట్టు, ఒక్క విడతలో కుప్పలుగా వచ్చి పడుతుంది. అక్కడి జీవులు ఆ విడతల మీద ఆధారపడి బతుకుతాయి. మూడేళ్లు చూసి వెళ్లిపోయే సర్వేకు ఇది దొరకడం అదృష్టం మీద ఆధారపడిన విషయం.

క్లారియన్–క్లిప్పర్టన్‌లో ఇప్పటిదాకా పోగైన నమూనాలను లెక్కవేస్తే 5,578 జాతులు తేలాయని 2023లో ప్రచురించారు. వాటిలో సుమారు 90 శాతానికి ఇంకా పేరు లేదు. పేరు పెట్టాలంటే నమూనాను విడదీసి, పాతవాటితో పోల్చి, వర్ణించి ప్రచురించాలి. ఆ పని తెలిసిన వర్గీకరణ శాస్త్రవేత్తలు కొద్దిమందే, పేరు లేని నమూనాలు సీసాల్లో ఏళ్లకేళ్లు ఉంటాయి. ఇబ్బంది కలిగించే మరో సంగతి కూడా ఉంది. ఆ నమూనాల్లో చాలా భాగం తవ్వకం అనుమతులు కోరిన సంస్థలు, దేశాలు నిబంధన ప్రకారం చేయించిన సర్వేల్లోంచే వచ్చింది. తవ్వాలన్న ఆసక్తి లేకపోతే అక్కడికి ఓడలు వెళ్లేవే కావు. తవ్వకం ఆగిపోతే ఆ సర్వేల డబ్బు కూడా ఆగిపోతుంది. ఆ ఖర్చును ఎవరు తలకెత్తుకుంటారన్న ప్రశ్నకు తవ్వకాన్ని ఆపమంటున్న ముప్పైకి పైగా దేశాలు ఇంకా స్పష్టంగా జవాబు చెప్పలేదు.